పందొమ్మిది అంగుళాల సింహం

బాగేపల్లి,
ఉగాది వెళ్ళిన పదోనాడు

చెల్లెలు సులోచనకు అన్న గురప్ప రాసేది,

నేను గట్టిగానే ఉన్నాను. మీ వదిన చౌడమ్మకు మోకాళ్ళ నొప్పి, నోరు మాత్రం బాగుంది. మొన్న నువ్వు ఫోన్ చేస్తే ఆమె తెచ్చి నా చెవికి ఆనించింది. గుయ్యిమనే శబ్దం తప్ప ఒక్క మాట పడలేదు. నలభై ఏళ్ళు రంపం మిషన్ పక్కన నిలబడితే చెవులు మిగులుతాయా? అందుకే రాస్తున్నాను, నువ్వూ రాయి. మన పిల్లలంతా కన్నడ బడికి పోయినారు. భజన మందిరంలో ఇసుకలో వేలుపెట్టి దిద్దిన ఈ తెలుగు మనిద్దరికే మిగిలింది. నాది రెండో తరగతి రాత, నీది ఐదో తరగతి రాత. తప్పులుంటే సర్దుకో.

మీ చేతన్ కన్నడలో రాసి పంపిన చీటీ అందింది, కూడబలుక్కుని చదువుకున్నాను. ఆటపెట్టె చెయ్యాలంట. బొమ్మ బాగానే గీసినాడు. ముందునుంచి చూస్తే బీరువా. పక్కనుంచి చూస్తే అన్నం తిని వెనక్కి వాలిన ముసలోడు. పొట్ట మీద బటన్లంట, ముఖంలో టీవీ అంట. ఇది ఎవరికి, ఎందుకు, నాకు అర్థం కాలేదు. కానీ మేనల్లుడు అడిగినాడు, చేస్తాను.

ఒక్కటి చెప్పు వాడికి. ప్లైవుడ్‌తో చెయ్యమని, స్క్రూలు పెట్టమని రాసినాడు. ప్లైవుడ్ చెక్క కాదు, అప్పడం. నా దగ్గర పాత పనస తలుపు ఒకటి ఉంది, ఎనభై ఏళ్ళ కొయ్య. దాంతో చేస్తాను. యాభై ఏళ్ళలో నా చేతి కింద తప్పు పోలేదు. బాగేపల్లిలో ఏ ఇంటికైనా పోయి నేను చేసిన తలుపు మూసి చూడు, చీమ దూరదు.

మీ అన్న
గురప్ప


చింతామణి,
సోమవారం

అన్నా,

ముసలోడి పొట్ట మీద బటన్లు అని చదివి ఒక్కదాన్నే పగలబడి నవ్వినాను. చేతన్ వచ్చి "ఏందమ్మా" అంటే చదివి వినిపించినాను. వాడూ నవ్వినాడు. "మామకు భలే తెలిసిపోయిందే" అన్నాడు.

అదేంటో చెబుతాను విను. పెద్ద ఊర్లలో నిలబడి, కర్ర పట్టుకుని తిప్పుతూ, బటన్లు నొక్కుతూ ఆడే ఆటలు ఉంటాయి. లోపల చిన్న కంప్యూటర్. అదంతా చేతన్ చేసుకున్నాడు, వాడికి ఆ విద్య వచ్చు. రానిది కొయ్య పని ఒక్కటే. బస్టాండు దగ్గర వాడు మొబైల్ రిపేరు అంగడి పెట్టినప్పుడు వాడొక్కడే. ఇప్పుడు అదే వరసలో నాలుగు. పగిలిన అద్దాలు అతికించి ఎంతకాలం బతుకుతాడు? నందిలో నందీశ్ అని ఒకాయన ఉన్నాడు. కొండ చూడను బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకు గదులు ఇస్తాడు. ఆయనకు ఈ పెట్టె నచ్చితే తనకూ, తనకు తెలిసినవాళ్ళకూ ఇంకా ఆరు చేయిస్తానన్నాడు. ఈ ఒక్కటి కుదిరితే వాడి బతుకు ఒక దారిలో పడుతుంది.

కాబట్టి అన్నా, ఒక్క మాట. వాడు రాసినట్టే చెయ్యి. కొలత ఎంతో నాకు తెలియదు కానీ, ఆ టీవీని వాడు మూడుసార్లు కొలవడం నేను చూసినాను. నీ పెద్దరికం అందులో దూర్చొద్దు. నీ సంగతి నాకు తెలుసు.

పనస తలుపు మాత్రం వద్దనలేదు వాడు. బరువు అవుతుందేమో అని నసిగినాడు, అంతే.

నీ చెల్లెలు
సులోచన


బాగేపల్లి,
బసవ జయంతికి ఐదురోజుల ముందు

సులోచనా,

నాకు చెప్పేంత దానివయినావు. సంతోషం.

పెట్టె అయిపోయింది. మేకు లేదు, స్క్రూ లేదు. చెక్కను చెక్కలో దించి బిగించినాను. ఇక దాన్ని విప్పాలంటే పగలగొట్టాల్సిందే. పనస కొయ్యకు చిత్రిక పట్టిన ప్రతిసారీ పసుపు రాలినట్టు రాలింది. చౌడమ్మ ఇల్లు ఊడ్చలేక నన్ను తిట్టింది. వీధిలో పోయేవాళ్ళంతా ఆగి చూస్తున్నారు. మన బయ్యప్ప వచ్చి చెవి దగ్గర అరిచినాడు:

"ఏమప్పా గురప్పా, దేవుడి మందిరం చేస్తాండావా?"

"మందిరమే."

"దేవుడు యాడ?"

"దేవుడు చింతామణిలో ఉండాడు. కరెంటు పెడితే లేస్తాడు."

పైన పేరు రాసుకునే పలక ఖాళీగా వదలమని చీటీలో ఉంది. ఖాళీ నాకు నచ్చలేదు. సింహం ముఖం చెక్కినాను, జూలుతో సహా. ఎందుకు సింహమే అని అడగొద్దు. కొన్ని సంగతులు మీ వాడి చీటీలో ఉండవు, ఏ ఫోన్‌లోనూ ఉండవు. అవి నేను చూసుకున్నాను.

బసవ జయంతి మర్నాడు టెంపోలో తెస్తున్నాను. నలుగురు మనుషులు కావాలి దించడానికి. ఆ నంది ఆయనను కూడా పిలవమను. నా పని చూసి పోనీ.

గురప్ప


బాగేపల్లి,
వచ్చిన మూడోరోజు

సులోచనమ్మకు,

నీ ఇంటికి రాకుండా, నీళ్ళు కూడా తాగకుండా వచ్చేసినానని కోపం ఉంటుంది. ఏం జరిగిందో నా నుంచే తెలుసుకో. ఎవరెవరో ఏదేదో చెబుతారు.

పెట్టె దించినాము. అంగడి ముందు జనం మూగినారు. నందీశ్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. చేతన్, ఇంకొకడు టీవీ ఎత్తి పెట్టె నోట్లో పెట్టినారు. పోలేదు. వంచి పెట్టినారు. పోలేదు. చేతన్ టేపు తీసి కొలిచినాడు. పెట్టె లోపల పందొమ్మిది. టీవీ పందొమ్మిదీ ముక్కాలు.

వాడు మెల్లగా ఏదో అన్నాడు. నాకు పడలేదు. గట్టిగా చెప్పమన్నాను. అప్పుడు వాడు అరిచినాడు:

"ఇరవై కదా మామా రాసింది?"

బస్టాండు మొత్తం తిరిగి చూసింది. నన్ను. యాభై ఏళ్ళలో ఎవరూ నన్ను అట్లా అడగలేదు.

"నువ్వు రాసింది పందొమ్మిది, నేను చేసింది పందొమ్మిది. నీకు కొలిచేది రాకపోతే నా మీద తోస్తావా?" అన్నాను. నేను కూడా గట్టిగానే అన్నాను.

"చీటీ ఉండాదా మామా?"

"ఇంట్లో ఉండాది."

వాడు నన్నే చూసినాడు. తర్వాత తల దించుకుని, "అయితే నాదే తప్పు మామా" అన్నాడు. విన్నావా? వాడే ఒప్పుకున్నాడు. నలుగురి ముందర ఒప్పుకున్నాడు. నందీశ్ టీ గ్లాసు కింద పెట్టి లేచిపోయినాడు.

చెక్కి సర్దుదామంటే పలకలు పలచన. విప్పుదామంటే విప్పేది కాదు. నా పని నేను సరిగ్గా చేసినాను. ఇంతకంటే రాసేది లేదు.

గురప్ప


చింతామణి,
మే నెల చివర

అన్నా,

ఇన్ని రోజులు రాయలేదు. ఏమని రాయాలో తోచలేదు.

నువ్వు చెప్పింది నిజమే, తప్పు వాడిదే. నేను కూడా వాణ్ణి బాగా తిట్టినాను. "మీ మామ రెండో తరగతి. యాభై ఏళ్ళు తప్పు చెయ్యలేదు. నువ్వు డిప్లమా చదివి ఒక్క అంకె సరిగ్గా రాయలేకపోతివే" అన్నాను. వాడు తింటున్న ముద్ద కిందపెట్టి లేచిపోయినాడు.

నందీశ్ పోయేటప్పుడు పక్క అంగడి వాళ్ళతో ఒక మాట అన్నాడంట, "టేపు పట్టడం రానోడు పెట్టెలు చేస్తాడంట" అని. అది పట్టుకున్నారు. ఇప్పుడు వీధిలో వాడి పేరు చేతన్ కాదు. పందొమ్మిది. టీ ఇచ్చేవాడు "పందొమ్మిదికి ఒక టీ" అంటాడు. ఆటోవాళ్ళు "ఓ పందొమ్మిదీ, నా ఫోన్ అయిందా" అంటారు. మొన్న నేను అంగడికి క్యారియర్ తీసుకుపోతే ఒకడు "పందొమ్మిది వాళ్ళ అమ్మ వచ్చింది" అన్నాడు. నేను తల ఎత్తలేదు.

నీ పెట్టె అంగడిలోనే ఉంది. నలుగురు లేకపోతే కదలదు, ఆ నలుగురిని పిలవడానికి వాడికి మొహం చెల్లడం లేదు. పైన సింహం, కింద ఖాళీ నోరు. వచ్చినవాళ్ళంతా అందులో తల పెట్టి చూసి నవ్వి పోతారు.

అంగడి మూసేస్తానంటున్నాడు. హొసకోటె దగ్గర ఏదో గోదాములో పని ఉందంట, పెట్టెలు ఎక్కించే పని. అక్కడే ఉండాలంట. నేనేం చెప్పేది?

ఆ చీటీ ఇంట్లో ఉందన్నావు కదా, పంపు. వాడి అంకె వాడికి చూపించి ఒక్కసారి బుద్ధి చెబుతాను. మళ్ళీ జీవితంలో ఎక్కడా ఇట్లా చెయ్యకూడదు కదా.

సులోచన


బాగేపల్లి,
తొలి వాన పడినాక

సులోచనకు,

ఇక్కడ వాన పడింది. వేరుశనక్కాయ విత్తుతున్నారు. నాకు జలుబు చేసి తగ్గింది. బయ్యప్ప మనవరాలికి బాగేపల్లిలోనే సంబంధం కుదిరింది. వాళ్ళ ఇంటికి కొత్త గుమ్మం చెయ్యమని అడిగినాడు, ఓపిక లేదని చెప్పినాను.

చీటీ వెదికినాను. దొరకలేదు. చౌడమ్మకు చదువు రాదు కదా, పొయ్యి రాజేసేటప్పుడు వేసేసిందంట. ఆమెను అని ఏం లాభం?

చేతన్‌ను అప్పుడే తొందరపడి అంగడి మూయొద్దని చెప్పు. నాలుగు రోజులయితే జనం మరిచిపోతారు.

గురప్ప


చింతామణి,
ఏరువాక పున్నమి

అన్నా,

నాలుగు రోజులు కాదు, నలభై రోజులయింది. మరవలేదు.

చీటీ పోతే పోనీ. పాపం వదిన నొచ్చుకుని ఉంటుందని నిన్న ఫోన్ చేసినాను. "చీటీ పొయ్యిలో వేసినావని ఏం అనుకోవద్దు వదినా, నీకేం తెలుసు" అన్నాను. ఆమె ఆ మాట నాతో మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత "సరేలే సులోచనా" అని పెట్టేసింది. బాధపడిందేమో. నువ్వయినా ఓదార్చు.

ఇంకొకటి నీకు చెప్పాలి. మొన్న అంగడి దగ్గర ఎవరో "మీ మామకు వయసయిపోయింది, కండ్లు మందగించినాయి, ఆయనే తప్పు చేసుంటాడు" అన్నారంట. చేతన్ ఆ మనిషి మీదికి పోయినాడంట. "నన్ను ఏమన్నా అనుకోండి. మా మామ చెయ్యి గురించి మాట్లాడితే బాగుండదు" అన్నాడంట. తగువు పెద్దదయి పక్కవాళ్ళు విడదీసినారు. నువ్వు మేనమామవు కదా, నీకు తెలియాలని రాస్తున్నాను. వాడికి నీ మీద కోపం లేదు.

ఆషాఢం పోయినాక, ఒకటో తేదీ గోదాములో చేరతానని చెప్పేసినాడు.

సులోచన


బాగేపల్లి,
ఆషాఢ మాసం

అమ్మా సులోచనా,

ఈ ఉత్తరం ఆరుసార్లు మొదలుపెట్టినాను. ఐదు చించినాను. ఇది చించకముందే చౌడమ్మ చేతికి ఇచ్చి పోస్టు డబ్బాలో వేయిస్తాను. ఆమె వేస్తానంది. నన్ను నమ్మనంది.

నీ ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నం నాకు తట్టలో సంగటి పెట్టింది. తట్ట పక్కన ఒక కాగితం పెట్టింది. చేతన్ చీటీ. నా పనిముట్ల పెట్టెలో, చిత్రిక కింద నేను దాచుకున్న చీటీ.

"ఇదేనా నేను పొయ్యిలో వేసింది?" అనింది.

నేను కాగితం తీసి తట్ట కింద దూర్చబోయినాను.

"నీ పొయ్యి పొగ యాభై ఏళ్ళు మింగినాను. ఈ పొగ కూడా నా మీదికే తోలినావా?" అనింది. నోటితో గట్టిగా అనలేదు. పెదాలు కదిలినాయి, నాకు తెలిసింది. ఆ రోజు నుంచి నాకు అన్నం పెడుతుంది, ఎదురుగా కూర్చోదు.

చీటీ దీంతో పెట్టినాను. చూడు. అందులో ఉండేది ఇరవై. వాడు సరిగ్గా రాసినాడు. అంకె కింద రెండు గీతలు కూడా గీసినాడు.

పందొమ్మిది నేను చేసినాను.

ఎందుకో చెబుతాను, నవ్వితే నవ్వు. మా పనిలో ఆయం అని ఉంటుంది. గుమ్మానికి, తలుపుకు, ఇంటికి చూస్తాం. అంగుళాలను ఎనిమిదితో భాగిస్తే ఏం మిగులుతుందో అది ఆయం. బేసి మిగిలితే మంచిది, సరి మిగిలితే చెడ్డది. ఇరవైని భాగిస్తే నాలుగు మిగిలింది. నాలుగు శునకాయం, అంటే కుక్క. మేనల్లుడు బతుకు పెట్టుకునే పెట్టెకు కుక్క ఆయం పెడతానా అనుకున్నాను. పందొమ్మిదికి మూడు మిగులుతుంది. సింహాయం. ఒక్క అంగుళమే కదా, టీవీ సర్దుకుంటుందిలే అనుకున్నాను. వాణ్ణి అడగలేదు. టీవీ ఎంతని కనుక్కోలేదు. సింహాన్ని చెక్కి పైన కూర్చోబెట్టినాను.

ఇంకా సిగ్గుపడాల్సింది ఉంది. ఒక అంగుళం తగ్గించడానికి బదులు పెంచి ఉంటే ఇరవై ఒకటి. ఐదు మిగిలేది. వృషభాయం. అదీ మంచిదే, ఇంకా మంచిది. టీవీ సుఖంగా కూర్చునేది. అది నాకు ఆ రోజే తెలుసు. ఎద్దు వద్దనుకున్నాను. సింహం కావాలనుకున్నాను. ఎవరికోసం? వాడికోసమని చెప్పుకున్నాను.

ఆ రోజు బస్టాండులో వాడు అడిగినప్పుడు "ఆయం కోసం మార్చినానప్పా, పొరపాటయింది" అంటే అయిపోయేది. నోరు రాలేదు. అంతమంది చూస్తుంటే నా నోట వేరే మాట వచ్చింది. చీటీ ఇంట్లో ఉందన్నాను. చీటీ నా చొక్కా జేబులో ఉంది. వాడి ఎదురుగా నిలబడి, వాడి చీటీ నా గుండె మీద పెట్టుకుని చెప్పినాను.

వాడు నా చెయ్యి గురించి తగువుకు పోయినాడని రాసినావు. అది చదివిన రోజు నుంచి ఉలి పట్టుకోలేదు.

నన్ను మన్నించు సులోచనా.

గురప్ప


చింతామణి,
ఉత్తరం అందిన రోజే

అన్నా,

చీటీ అందింది. ఇరవై చూసినాను. రెండు గీతలు చూసినాను.

చేతన్ రాగానే వాడి ముందర పెట్టినాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. వాడు చీటీని చూడను కూడా చూడలేదు. ఫోన్ తీసి ఒక ఫోటో చూపించినాడు. అదే చీటీ. నీకు పంపే ముందే తీసి పెట్టుకున్నాడు.

"ఇది నీ దగ్గర ఉండి, ఆ రోజు ఎందుకు చూపించలేదురా?" అన్నాను.

"చీటీ మామ జేబులోనే ఉండిందమ్మా. మడత బయటికి కనిపిస్తానే ఉండింది."

"మరి?"

"అంతమందిలో అది లాగి చూపిస్తే మామ ఏమైపోతాడు? నాకు ఇంకో పని దొరుకుతాది. ఆయనకు ఇంకో పేరు యాడ దొరుకుతాది?"

అన్నా, ఇది నీకు రాయకూడదనుకున్నాను. నువ్వు పడిపోతావేమో అని. కానీ నువ్వు పడాలి. అందుకే రాస్తున్నాను.

నా సిగ్గు నీ సిగ్గుకు తక్కువ కాదు. మూడుసార్లు కొలవడం నా కళ్ళతో చూసినాను. అయినా నా కొడుకును నమ్మలేదు, మా అన్నను నమ్మినాను. తింటున్నవాణ్ణి లేపినాను. వాడు నా ముందర కూడా నిన్ను కాపాడినాడు.

నన్ను మన్నించమని రాసినావు. నేనెవరు మన్నించడానికి? నువ్వు ఆ మాట అన్నది నా ఇంట్లో కాదు. బస్టాండులో, గట్టిగా, అందరూ వింటుండగా. ఇప్పుడు నిజం మాత్రం కాగితం మీద, మెల్లగా, నా ఒక్కదానికి. అది చాలదు.

ఒకటో తేదీకి పదహారు రోజులుంది.

సులోచన


బాగేపల్లి,
శ్రావణం, రెండో బుధవారం

మేనల్లుడు చేతన్‌కు,

నీకు నేను ఇంతవరకు ఒక్క ఉత్తరం రాయలేదు. నువ్వు తెలుగు చదవలేవు. మీ అమ్మ చదువుతుంది. ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యడం లేదు. నేనే తెస్తున్నాను, రేపు టెంపోలో, కొత్త పెట్టెతో పాటు.

ముందు నందికి పోయినాను. చిక్కబళ్ళాపురంలో బస్సు మారి, దారి అడుగుతూ పోయినాను. నందీశ్ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసినాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పినాను. మా మేనల్లుడు రాసింది ఇరవై, నేను పందొమ్మిది చేసి వాడి మీద పెట్టినాను అని. నాకు మెల్లగా చెప్పడం రాదు కదా. మేడ మీద బెంగళూరు వాళ్ళు వంగి చూసినారు. వాళ్ళకు కూడా తెలిసింది. నందీశ్ నా చెవి దగ్గరికి వచ్చి అన్నాడు:

"పెద్దాయనా, మీ మామా అల్లుళ్ళ సంగతి నాకెందుకు? టీవీ పట్టే పెట్టె చూపించండి, అప్పుడు మాట్లాడదాం."

రేపు వస్తానన్నాడు. ఆరు చేయిస్తాడో లేదో నాకు తెలియదు. వచ్చి చూస్తానన్నాడు, అంతే.

పెట్టె మళ్ళీ చేసినాను. నువ్వు రాసినట్టు. ప్లైవుడ్‌తో. అంగడికి పోయి నా నోటితో ప్లైవుడ్ అడిగినాను. అంగడివాడు రెండుసార్లు అడిగించినాడు, నమ్మలేక. స్క్రూలు పెట్టినాను, ఎప్పుడైనా విప్పుకోవచ్చు. ఇద్దరు మోయగలరు. మొదటిదాన్ని నలుగురితో మోయించినప్పుడే నీ మాటలోని తెలివి నాకు తెలియాల్సింది.

లోపల ఇరవై. నేను ఏడుసార్లు కొలిచినాను, బయ్యప్పతో ఒకసారి కొలిపించినాను, చౌడమ్మతో ఒకసారి. ఆమెకు అంకెలు తెలుసు. టేపు ఒక కొన ఆమె పట్టుకుంది, ఇంకో కొన నేను. ఇన్నాళ్ళ తర్వాత నా ఎదురుగా కూర్చుంది. నాలుగే మిగిలింది, కుక్క ఆయమే. ఉండనీ. రోజూ అంగడి కాసేది కుక్కే కదా, ఏ సింహం వచ్చి కాసింది?

పైన పలక ఖాళీగా వదలమన్నావు. ఈ ఒక్కటి మళ్ళీ నీ మాట దాటినాను. అక్కడ ఉలితో అంకె చెక్కినాను, 20 అని. ప్లైవుడ్ మీద ఉలి దిగితే పొరలు లేస్తాయి. లేచినాయి. చూడను బాగాలేదు. దూరంనుంచి మాత్రం కనిపిస్తుంది.

అమ్మా సులోచనా, ఇది నీకు. రేపు నేను దిగినాక, టీవీ పెట్టకముందే, ఈ ఉత్తరం అంగడి ముందర నిలబడి గట్టిగా చదువు. నేను పక్కనే నిలబడతాను. నా నోటితో చెప్పమంటే, అంతమందిని చూసి మళ్ళీ నోరు వేరే మాట అంటుందేమోనని నాకు భయం. రాసింది మారదు. టీ ఇచ్చేవాణ్ణి పిలువు. ఆటోవాళ్ళను పిలువు. నిన్ను పందొమ్మిది వాళ్ళ అమ్మ అన్నవాణ్ణి ముందు వరసలో నిలబెట్టు. నేను వినలేను, వాళ్ళ ముఖాలు చూస్తాను, నువ్వు ఎక్కడిదాకా వచ్చినావో నాకు తెలుస్తుంది.

చేతనా, నువ్వు నన్ను మామా అని పిలిచినా పిలవకపోయినా నీ ఇష్టం. ఆ రోజు నా జేబులో మడత నీకు కనిపించిందంట. నీకు కనిపించిందని అప్పుడు నాకు తెలియకపోవడమే నా అదృష్టం అనుకుంటే, అంత దౌర్భాగ్యం ఇంకొకటి లేదు. గోదాముకు పోవాలంటే పో, పని ఏదయినా పనే. కానీ ఆ పేరు మోసుకుని పోవద్దు. అది నీది కాదు, ఇక్కడ దించి పో.

బస్టాండు వాళ్ళకు ఒకటే మాట. రేపటి నుంచి ఎవరయినా పందొమ్మిదీ అని పిలిస్తే పలకాల్సింది నేను. నాకు చెవుడు. గట్టిగా పిలవండి.

గురప్ప